గడ్డిని మించి ఎదిగేదాకా

గ్లిగోర్ చావుకు భయపడలేదు గానీ, గడ్డికి భయపడ్డాడు.

జూలై నెల. రుమేనియాలోని అపుసేని కొండల్లో గడ్డి నడుము దాకా లేచే కాలం. మంచం దిగలేని మనిషి కిటికీలోంచి ఏటవాలు బీళ్లకేసి చూస్తూ పడుకునేవాడు. భార్య వెతూరియా సూప్ గిన్నె తెచ్చి పక్కన కూర్చుంటే, చెంచా నోటిదాకా రానిచ్చేవాడు కాదు.

"పైబీడుకు వెళ్లావా?"

"వెళ్లానయ్యా బాబూ, తెల్లారగానే వెళ్లాను."

"గడ్డి ఎంతుంది?"

"నా నడుము దాకా."

"మొక్కలు?"

"మోకాలి ఎత్తు కూడా లేవు. కనిపించి చస్తేనా! వంగి చేత్తో గడ్డి విడదీస్తే, ఇక్కడున్నానంటూ ఒక్కోటీ బయటపడుతోంది."

"వాటి చుట్టూ గడ్డి పీకావా?"

"పీకాను. నా నడుం పడిపోయింది. చివరికి నీ చెట్లకు నేనే ఎరువైపోతాను, చూస్తూండు."

అతను నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకో రెండేళ్లే, తూర్యా. గడ్డిని మించి తల పైకెత్తేదాకా కనిపెట్టుకో. ఆ తర్వాత వాటికి మనతో పని లేదు. నాకింకేం అక్కర్లేదు."

నలభై ఏళ్లు రంపం పట్టిన మనిషి అడిగిన కోరిక అది. ఎదురు కొండ మీద ఇప్పుడు కనిపించే బోడి నేలంతా ఒకప్పుడు సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్ల అడవి. కలప కంపెనీ కూలీగా దాన్ని నరికినవాళ్లలో గ్లిగోర్ ముందువరసలో ఉండేవాడు. రెండు పిడుల రంపానికి ఇటు గ్లిగోర్, అటు పక్కింటి పాంఫిల్. చెట్టు కూలితే ఇద్దరూ ఒకే సీసాలోంచి ఒక్కో గుక్క తాగేవాళ్లు. అడవి అయిపోయింది, కంపెనీ వెళ్లిపోయింది. అప్పటినుంచీ వాన పడితే చాలు, వాగు బురదంతా మోసుకొచ్చి ఊరి వాకిళ్లలో కుమ్మరిస్తోంది. పార తీసుకుని బురద ఎత్తినప్పుడల్లా గ్లిగోర్ ఎదురు కొండకేసి చూసేవాడు.

రెండేళ్ల కిందట ఇంకో కంపెనీ వచ్చింది, జర్మనీ వాళ్లది. ఇది నరికే కంపెనీ కాదు, నాటే కంపెనీ. యూరప్ అంతా లారీల్లో పార్సిళ్లు తిప్పుతారట. ఆ లారీలు వదిలే పొగకు బదులుగా కొండల మీద చెట్లు పెంచుతారట. భూమి బాగు కోసం వ్యాపారులు కూడా తమ వంతు చేయాలి కదా అని, ఇలింక అనే ఇంజనీరు పిల్ల పంచాయతీ హాల్లో తెర కట్టి బొమ్మలు చూపించింది. ఎవరైనా బీడు ఇస్తే స్ప్రూస్ మొక్కలు ఉచితం, ఏటా కొంత డబ్బు కూడా ఇస్తారు.

పాంఫిల్ లేచాడు. ఊళ్లో అతని నోటికి జడవనివాడు లేడు.

"అమ్మాయీ, నాకర్థమైంది చెప్తాను, తప్పైతే దిద్దు. వాళ్లు అక్కడ జర్మనీలో వదులుతారు, మనం ఇక్కడ ముడ్డి తుడవాలి. అంతేనా?"

హాలంతా ఘొల్లుమంది. ఆ పిల్ల ముఖం కందగడ్డయింది. "మరి మా ఆవులేం తినాలి, పార్సిళ్లా?" అన్నాడు ఇంకా రెచ్చిపోయి. అందరితో పాటు గ్లిగోర్ కూడా నవ్వాడు. ఎవరూ సంతకం పెట్టలేదు.

వారం తిరక్కుండా గ్లిగోర్ బస్సెక్కి పట్నం వెళ్లి, సంతకం పెట్టి వచ్చాడు.

"నీకేం పిచ్చా?" అంది వెతూరియా.

"పిచ్చే అనుకో. వాళ్ల పొగ సంగతి నాకెందుకే? మొక్కలిస్తామన్నారు. నేను కొనాలంటే ఈ జన్మలో కొనగలనా? నరికినన్ని పెట్టలేను. పైబీడంతైనా పెడతాను." కాస్సేపు ఆగి, "పాంఫిల్‌గాడికి మాత్రం చెప్పకు. చచ్చేదాకా ఏడిపిస్తాడు వెధవ. మొక్కలు పైకొచ్చాక చూపిద్దాం. అప్పుడు నవ్వితే నవ్వనీ," అన్నాడు.

పైబీడు వాళ్లింటి వెనక మెట్ట దాటితే వస్తుంది. ఆ దారిన వేరేవాళ్లకు పనిలేదు. ఆ శరత్కాలంలో మొగుడూ పెళ్లాలిద్దరే నాటారు. తాడు కట్టి వరుసల్లో నాటమంది ఇలింక. గ్లిగోర్ ఒప్పుకోలేదు. "అడవి వరుసలో నిలబడుతుందా అమ్మా, అదేమన్నా సైన్యమా?" అని, రాళ్ల పక్కన రెండు, పల్లంలో నాలుగు, దానంతటదే మొలిచిన అడవిలాగే చల్లేసినట్టు పెట్టాడు. ఆ పిల్లకు కూడా అది నచ్చింది. మట్టి అంటిన గ్లిగోర్ చేతుల్లో మొక్క ఉండగా ఫొటో తీసుకుని వెళ్లింది.

మరుసటి వేసవిలో పైబీడు కోయకపోతే, గ్లిగోర్‌కు గుండె బాలేదు పాపం అనుకున్నారు ఊళ్లోవాళ్లు. నిజంగానే బాలేదు. ఆ చలికాలంలో పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

ఏలియా ప్రవక్త పండగకు ముందురోజు, సూప్ గిన్నె వెచ్చగా ఉండగానే, కిటికీ వైపు తిరిగి ప్రాణం విడిచాడు.

శవాన్ని పెద్దగదిలో పడుకోబెట్టారు. ఊరి ఆడవాళ్లు చుట్టూ కూర్చుని శోకాలు తీస్తుంటే వెతూరియా మధ్యలో బండరాయిలా కూర్చుంది. బయట గడ్డికోతల ఎండ కాస్తోంది. ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. శవం ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ ఇంటివాళ్లు పనిముట్టు ముట్టుకోరు. వాళ్ల పని ఇరుగుపొరుగే చేసిపెడతారు. అడగరు, చెప్పరు. చేసిన సంగతి ఖననం అయ్యాక భోజనాల బల్ల దగ్గరే బయటపెడతారు. దుఃఖంలో ఉన్నవాళ్లు మొహమాటపడకూడదని పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి. ఎంత మంచి పద్ధతి! ఎవరికైనా కళ్లు చెమర్చే పద్ధతి.

మూడోరోజు పాంఫిల్ గుర్రబ్బండి వాకిట్లోకి వచ్చింది. బండి అడుగున పచ్చని స్ప్రూస్ కొమ్మలు దట్టంగా పరిచి ఉన్నాయి. శవపెట్టె వాటి మీద పెట్టారు. బండి కదిలినప్పుడల్లా జిగురు వాసన గుప్పుమంది. అడవిలో పని చేసొచ్చిన రోజుల్లో గ్లిగోర్ చొక్కాకు ఉండే వాసన అది. పాంఫిల్‌కు ఎంత బాగా తోచింది అనుకుంది వెతూరియా. మూడురోజుల్లో మొదటిసారి ఆమెకు అప్పుడే ఏడుపొచ్చింది. బండి పక్కన నడుస్తూ ఒక రెమ్మను పట్టుకుని శ్మశానం దాకా ఏడ్చింది.

భోజనాలు వాకిట్లోనే. బల్లల మీద క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం ముద్దలు, మొక్కజొన్న సంకటి, పక్కన ప్లమ్ పళ్ల సారా. పాద్రి ప్రార్థన ముగించాక, పాంఫిల్ గ్లాసు పట్టుకుని లేచాడు.

"దేవుడు వాణ్ణి క్షమించుగాక."

"క్షమించుగాక," అన్నారంతా. పోయినవాడి పేరిట ఒక్కో చుక్క నేల మీద ఒలికించారు.

"వదినా, గడ్డి గురించి నువ్వు బెంగపెట్టుకోకు. ఇంటిముందు బీడు కోసేశాం, ఎండుతోంది. పైబీడు కూడా అయిపోయింది."

వెతూరియా తలెత్తింది.

"ఏం చెప్పమంటావు! పైకెళ్లి చూస్తే నా కడుపు తరుక్కుపోయింది. బీడంతా అడవి పాకేసింది వదినా. అడుగడుక్కీ స్ప్రూస్ పిలకలే. మన గ్లిగోర్ బీడేనా ఇది, ఒక్క పిలకను బతకనిచ్చేవాడు కాదే అనుకున్నాం. ఎంత బాధపడ్డాడో, ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. వాడి బీడు అలా ఉందని ఊళ్లో ఒక్కడికి తెలిసినా వాడి పరువేంగాను? అందుకే కుర్రాళ్లతో చెప్పాను. మొదలంటా కోయండిరా, ఒక్కటి మిగిలితే నా మీద ఒట్టే అని. మళ్లీ నేనొక్కణ్ణే చివర్నుంచి చివరకు తిరిగి చూశాను. ఈ బల్లలా ఉందిప్పుడు."

ఆ కొండల్లో బీడులోకి అడవి పాకనిచ్చినవాణ్ణి సోమరిపోతు అంటారు. చిన్నప్పటినుంచీ వాళ్ల చేతులు నేర్చింది అదే. గడ్డిలో పిలక కనిపిస్తే కోసేయాలి. ప్రేమతో కోశారు. అంతకన్నా ప్రేమగా ఎవరూ కోయలేరు.

"కోసినవి కూడా పారెయ్యలేదు," అన్నాడు పాంఫిల్, గ్లాసు కేసి చూస్తూ. "అడవివాడు కదా. వాడి కిందే పరిచాం."

అందరూ విధవరాలి మాట కోసం చూస్తున్నారు. వెతూరియాకు అరవాలనిపించింది. ఆ బల్లలన్నీ తోసి పారేయాలనిపించింది. ఎదురుగా పాంఫిల్. అరవై ఏళ్ల స్నేహాన్ని మట్టిలో పెట్టి వచ్చిన మనిషి, చేయగలిగిందంతా చేశానన్న ఒక్క తృప్తితో నిలబడి ఉన్నాడు.

ఆమె సీసా అందుకుని అతని గ్లాసు నింపింది.

"నీ చేతులు చల్లగా ఉండాలి, పాంఫిల్," అంది.

మర్నాడు పైబీడుకు వెళ్లింది. గడ్డి బారులుబారులుగా పడుకుని ఉంది. వెతికి చూసింది. ఒక రాయి పక్కనో, ఒక గుంతలోనో ఒక్కటైనా దాక్కుని ఉంటుందేమోనని. పాంఫిల్ పనిమంతుడు. వేలి మందం మోళ్లు మాత్రం ఉన్నాయి, కోసిన చోట జిగురు కన్నీటి బొట్టంత గడ్డకట్టి. స్ప్రూస్ మోడు చిగురించదు. నలభై ఏళ్లు అడవిలో పనిచేసినవాడి భార్యకు అది ఎవరూ చెప్పక్కర్లేదు. వెతూరియా ఆ పరుచుకున్న గడ్డి మీద కూలబడి, "ఒక్కటి అడిగావు, ఒక్కటంటే ఒక్కటి, అది కూడా చేయలేకపోయానయ్యా," అని పెద్దగా ఏడ్చింది. నీకెందుకింత రహస్యం, ముసలాడా, అని తిట్టింది కూడా. పాంఫిల్ పెళ్లాం సవేత గడ్డి తిరగేయడానికి దంతె భుజాన వేసుకుని వచ్చి, మొగుడి కోసం ఏడుస్తోందనుకుని పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

సెప్టెంబరులో ఇలింక వచ్చింది. ఏడాదికోసారి మొక్కలు చూసుకుపోవడం ఆమె ఉద్యోగం. గ్లిగోర్ పోయాడని తెలిసి ఆ పిల్ల నిజంగా బాధపడింది. సంచిలోంచి నున్నటి కాగితాల పుస్తకం తీసి ఇచ్చింది. అట్ట మీద గ్లిగోర్ చేతులు. గోళ్లలో మట్టితో సహా ఉన్నాయి.

"కంపెనీ ఈ ఏడాది నివేదిక, పెద్దమ్మా. ఆయనకు చూపిద్దామని తెచ్చాను."

వెతూరియా ఆ చేతుల మీద చెయ్యి పెట్టుకుని జరిగింది చెప్పింది. ఇలింక నమ్మలేక పైబీడుకు వెళ్లి వచ్చింది. గుమ్మంలో చతికిలబడి, "అన్నీనా?" అంది.

"అన్నీ. వాళ్ల తప్పు లేదమ్మా. ఎవరినీ ఏమీ అనకండి. నాకు మళ్లీ మొక్కలివ్వండి చాలు. ఈసారి వరుసల్లో పెడతాను, నువ్వు చెప్పినట్టే. కంచె కూడా కట్టిస్తాను."

ఇలింక రాజధాని బుకారెస్టులో ఉన్న కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేసింది. వాకిట్లో ఇటూ అటూ తిరుగుతూ చాలాసేపు మాట్లాడింది. ఆఖరికి ఫోన్ తెచ్చి పెద్దామె చెవి దగ్గర పెట్టింది. అవతల ఎవరో పెద్దమనిషి, తేనె పూసినట్టు మాట్లాడాడు.

"మీ వారి సంగతి విని చాలా విచారించామమ్మా. మీకు ఏ నష్టమూ రానివ్వం. డబ్బు ఏటా వచ్చినట్టే వస్తుంది, ఒక్క పైసా తగ్గదు."

"నాకు డబ్బొద్దు బాబూ. మొక్కలు కావాలి."

"అదొక్కటే కష్టమమ్మా. మీ స్థలంలో నాటడం పూర్తయినట్టు మా దగ్గర ఉంది. దాన్ని మళ్లీ తెరవలేం."

"పూర్తవడమేంటి బాబూ? అక్కడేం లేదు. గడ్డి కూడా లేదు."

"మీరు కంగారుపడకండి. మిమ్మల్ని ఎవరూ అడగరు," అని ఇంకా మెత్తగా చెప్పి ఫోన్ పెట్టేశాడు.

వెతూరియా ఇలింక వైపు తిరిగింది. "ఆయనేమన్నాడు? నాకు బుర్రకెక్కలేదు."

ఇలింక నేలకేసి చూస్తూ చెప్పింది. "ఆ చెట్లను కంపెనీ వాడేసుకుంది, పెద్దమ్మా. వాటిని చూపించి ఇన్ని లారీల పొగ మాఫీ అని పుస్తకంలో అచ్చేసేశారు. మళ్లీ మొక్కలిస్తే మొదటివి చచ్చాయని ఒప్పుకోవాలి. ఐదేళ్ల దాకా బయటివాళ్ల తనిఖీ లేదు. అప్పటికి ఏ గాలివానో వచ్చి పోయాయని రాస్తారు. అంతవరకూ వాళ్ల దృష్టిలో అక్కడ అడవి ఉన్నట్టే."

"ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

కలప కంపెనీకైనా ఇంత ధైర్యం లేదు. నరికితే నరికామనేది. కొండ బోడిదైతే బోడిదనేది. లేని అడవికి జీతమిచ్చి, ఉన్న మనిషికి నాలుగు మొక్కలివ్వడానికి చేతులు రాకపోవడం ఏ ఊరి న్యాయమో వెతూరియాకు తెలియలేదు. ఇలింక తనకు చేతనైంది చేస్తానని చెప్పి, కళ్లు తుడుచుకుని కారెక్కింది. మళ్లీ రాలేదు. డబ్బు మాత్రం చెప్పిన నెలలో ఠంచనుగా వచ్చింది. వెతూరియా దాన్ని బ్యాంకులోంచి కదపలేదు.

అక్టోబరులో గ్లిగోర్ గునపం తీసుకుని తనే బయల్దేరింది. కొండ వెనక నరక్కుండా మిగిలిన కాస్త అడవి అంచున, గింజ రాలి మొలిచిన పిలకలను మట్టితో సహా పెళ్లగించి, బుట్టలో పెట్టుకుని పైబీడుకు మోసింది. ఎన్ని మోయగలదు? అడవి మొక్క చోటు మారితే అలుగుతుంది. కొన్ని మంచుకు పోయాయి, కొన్నిటి తలలు జింకలు కొరికేశాయి. మే నెల వచ్చేసరికి గుప్పెడు బతికి ఉన్నాయి. కానీ బతికాయి.

పాంఫిల్‌తో మాత్రం చెప్పలేకపోయింది. చెప్పాలని నోటిదాకా వచ్చేది. ఆదివారం ప్రార్థన అయ్యాక అతను సమాధి దగ్గర నిలబడి, "ఏరా, అక్కడైనా పని చేస్తున్నావా, లేక దేవుడికి కూడా కుంటిసాకులేనా?" అని పలకరించేవాడు. తర్వాత ఆమెతో, "వాడికి నేను చేసింది ఏముంది వదినా, ఆ బీడొక్కటి కోసిపెట్టాను," అనేవాడు. ఏడాదిలో బాగా ఒంగిపోయాడు. ఇంక ఆ మాట ఎలా లాక్కోవాలి అతని దగ్గర్నుంచి?

జూలై మళ్లీ వచ్చింది. సంవత్సరీకానికి రెండురోజుల ముందు, మంచు ఇంకా ఆరకముందే, పాంఫిల్ పొడుగుపిడి కొడవలి భుజాన వేసుకుని గేటు తోసుకొచ్చాడు.

"వదినా, పైబీడు కోసొస్తా. వాడి సంవత్సరీకానికి బీడు శుభ్రంగా ఉండొద్దూ?"

"వద్దు, పాంఫిల్. గడ్డి ఇంకా ముదరలేదు."

"ముదరలేదా? నా గెడ్డం కన్నా ముదిరింది!"

"వానొచ్చేట్టుంది."

"ఎక్కడమ్మా వాన? మబ్బుతునక లేదు. నీకు మొహమాటం, అంతే. నేను కాళ్ల మీద నిలబడగలిగినన్నాళ్లూ వాడి బీడు నేనే కోస్తా. ఆపకు."

ఆమె వెనకాలే నడిచింది. మెట్ట మీద ఆగి ఆయాసం తీర్చుకుంటూ అతను బీడులోకి చూశాడు. నాలుగడుగులు వేసి, వంగి, గడ్డి విడదీశాడు.

"చూశావా! మళ్లీ వచ్చేశాయి దొంగముండలు. కిందటేడాది అంత జాగ్రత్తగా కోశానా!" అరచేతుల్లో ఉమ్ముకుని కొడవలి ఎత్తాడు.

వెతూరియా వెళ్లి కొడవలి ముందు నిలబడింది.

"వదినా, తప్పుకో. కాలు తెగుతుంది."

"అవి వాటంతటవి రాలేదు. నేను నాటాను."

"నువ్వు నాటడమేంటి, మతిపోయిందా?"

"కిందటేడు నువ్వు కోసినవి గ్లిగోర్ నాటాడు, పాంఫిల్. ఒక్కొక్కటీ తన చేత్తో నాటాడు. ఇలింక ఇచ్చిన మొక్కలు. గడ్డిని మించి ఎదిగేదాకా చూసుకోమని నాకు చెప్పి పోయాడు."

కొడవలి మెల్లగా కిందకు దిగింది. పాంఫిల్ ఆమె ముఖంలోకి చూశాడు, హాస్యమాడుతోందేమోనని వెతికాడు.

"అన్నీనా?"

"అన్నీ."

"బండిలో పరిచినవి..."

ఆమె తల ఊపింది. అతను కొడవలి పక్కన పడేశాడు. గడ్డిలో కూర్చుండిపోయాడు. గడ్డి పైకి అతని టోపీ ఒక్కటే కనిపిస్తోంది.

"నాకెందుకు చెప్పలేదు వాడు? రంపానికి అటు చివర నేనున్నాను కదా, నలభై ఏళ్లు. నాకెందుకు చెప్పలేదు?"

"నవ్వుతావని."

దగ్గర్లో ఏదో పిట్ట గడ్డిలోంచి లేచి మళ్లీ గడ్డిలోనే దిగింది.

"నవ్వేవాణ్ణే, వదినా," అన్నాడు. "ఊరంతా చెప్పి నవ్వించేవాణ్ణి. కానీ కొడవలి పట్టుకుని మాత్రం ఇటు ఎవణ్ణీ రానిచ్చేవాణ్ణి కాదు."

అని, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. సమాధి దగ్గర కూడా అలా ఏడవలేదు. వెతూరియా పక్కన కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేసింది. ఎందుకు చెప్పానా అని తనను తాను తిట్టుకుంది. చెప్పకపోతే ఈ గుప్పెడు కూడా పోయేవని తెలిసి కూడా తిట్టుకుంది.

ఆ వేసవి పాంఫిల్ మళ్లీ కొడవలి పట్టలేదు, తన సొంత బీడు కూడా కోసుకోలేదు.